పదహారో ముద్ద

అనగనగా ఓ పట్టణం. పేరు వాగుమెట్ట. పేరుకే వాగు! ఎండాకాలం వచ్చిందంటే కోటలోని పెద్ద బావే అందరికీ దిక్కు.

ఆ ఊళ్లో సింగారమ్మకి తమలపాకు తోట ఉండేది. పదహారు సాళ్లు. సాలుకో కడవ చొప్పున కోట బావి నుంచి రోజూ పదహారు కడవల నీళ్లు ఇచ్చేవారు. ఒక్క కడవ తగ్గినా ఒక సాలు వాడిపోతుంది. తమలపాకు తీగంటే అంత గారాలపట్టి మరి!

ఓ ఏడు ఎండలు మండిపోయాయి. మంత్రి వాచస్పతి చాటింపు వేయించాడు. "అందరికీ నీళ్లలో పావు వంతు కోత! బావి లోతు చేయించాక మళ్లీ పావు వంతు కలుపుతాం!"

సింగారమ్మ ఇంటి వాడుక నీళ్లు కూడా తోటకే పోసి, పన్నెండు కడవలతో ఎలాగో నెట్టుకొచ్చింది. బావి లోతు చేశారు. ఊట తన్నుకొచ్చింది! పరుగున వెళ్లి కడవలు లెక్కపెట్టుకుంటే, పదిహేనే!

"అయ్యో, నా పదహారో కడవ ఏదీ?"

"పావు తీశాం, పావు కలిపాం. సరిపోయింది కదమ్మా!" అన్నాడు బావి కాపలావాడు.

మర్నాడు మంత్రినే అడిగింది. "నూటికి ఇరవై ఐదు తీశాం, నూటికి ఇరవై ఐదు కలిపాం. తీగలు పెంచుకునేదానివి, నీకెందుకమ్మా లెక్కలు?" అన్నాడాయన.

సింగారమ్మకి ఒళ్లు మండిపోయింది. ఇంటి నీళ్లు తోటకి పోయడం ఇక కుదరక, పదహారో సాలు అప్పటికే పసుపెక్కింది. ఇంకో రెండ్రోజులాగితే పీకి పారేయడమే!

మూడోనాడు రాజుగారి ఊరేగింపు. తిన్నగా అక్కడికే పోయింది. పట్టపుటేనుగు ముందు పదహారు అన్నం ముద్దలు పేర్చి ఉన్నాయి. పదహారూ తింటేగానీ ఆ ఏనుగు లేవదని ఊరందరికీ తెలుసు.

"మహాప్రభూ! ఈ ముద్దల్లో పావు వంతు తీయించండి" అంది సింగారమ్మ. రాజుకి సరదా పుట్టింది. నాలుగు తీశారు. పన్నెండు మిగిలాయి.

"ఇప్పుడు మంత్రిగారి లెక్కన పావు కలపమనండి!"

పన్నెండులో పావు మూడు. మంత్రి దర్జాగా మూడు ముద్దలు పెట్టాడు.

ఏనుగు తింటుంటే జనం గొంతెత్తి లెక్కపెట్టారు. పదమూడు! పద్నాలుగు! పదిహేను! ఏనుగు మళ్లీ తొండం చాచింది. ఏముందక్కడ? పళ్లెం ఖాళీ!

మావటి బతిమాలాడు. లేవలేదు. బెల్లం చూపించాడు. లేవలేదు. మంత్రి దగ్గరకొచ్చి "లే నాయనా, సరిపోయింది కదా!" అన్నాడు. అంతే! ఆయన తలపాగా ఊడబెరికి నోట్లో పెట్టేసుకుంది! జనం పగలబడి నవ్వారు.

"ప్రభూ! తీసింది పదహారులో పావు. ఇచ్చింది పన్నెండులో పావు. పోయిన నాలుగూ తిరిగి రావాలంటే పన్నెండులో మూడో వంతు ఇవ్వాలి!" అంది సింగారమ్మ.

రాజు వేళ్లు మడిచి చూసుకున్నాడు. ఊరికంతా పదహారు వందల కడవలు. అంటే రోజూ వంద కడవలు జనానికి తగ్గుతున్నాయి! ఆయన మొహం ఎర్రబడింది.

"వాచస్పతీ! ఇవాళే అందరికీ సరిచెయ్. ఈవిడ కడవ మాత్రం నువ్వే మోసుకెళ్లు!"

ఏనుగుకి పదహారో ముద్ద పెట్టారు. లేచింది. బోడితలతో మంత్రి కడవ భుజాన పెట్టుకుని తోటకి పరుగెత్తాడు. వారం తిరక్కుండా పదహారో సాలు చిగురు వేసింది. సింగారమ్మ ఆనందం ఇంతా అంతా కాదు!

కాబట్టి పిల్లలూ, పావు అనగానే తల ఊపెయ్యకూడదు, ఎంతలో పావో అడిగి తీరాలి.