వంతు చెక్క

సోమలింగం గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఈ సంగతి కాలనీలో అందరికీ తెలుసు. దేవుడున్నాడా అని అడిగిన టైలరుని ఆయన పది రోజులు పాత గోనెసంచులు కుట్టమన్నారు. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన ఆటో డ్రైవరు చేత వీశెడు చింతపండుకి గింజలు తీయించారు. వాళ్ళకి జవాబు దొరికిందో లేదో గానీ ఇద్దరూ మళ్ళీ ఆ ప్రశ్న జోలికి పోలేదు. ఆయన కాషాయం కట్టినవాడు కాదు, మఠం పెట్టినవాడు కాదు. నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు నడిపి రిటైరైన మనిషి. గృహనిర్మాణ సంస్థవారి అద్దె ఇళ్ళలో, నాలుగో బ్లాకులో ఒంటిగది ఇంట్లో ఉంటూ, శని ఆదివారాలు సాయంత్రం వరండాలో చాప పరుచుకుని వచ్చినవాళ్ళకి తత్వాలు చెప్పేవారు. రెండేళ్ళుగా కళ్ళకి పొర కమ్మింది. మనుషుల్ని గొంతు పట్టి గుర్తుపట్టేవారు.

ఒక శనివారం సాయంత్రం నాలుగు గంటలకి మూడో బ్లాకు ఏడుకొండలు పని నుంచి తిన్నగా వచ్చి, నమస్కారం చేసి, చాప అంచున కూర్చున్నాడు. మిగతా శిష్యులింకా రాలేదు. కాసేపు వేళ్ళు విరుచుకుని చివరికి అడిగాడు.

"గురువుగారూ, సంస్థవారి ఇంట్లో అద్దెకుండేవాడికి హక్కు ముందాండి, బాధ్యత ముందాండి?"

నిజానికి జవాబు అతను ముందే తయారు చేసుకుని వచ్చాడు. బాధ్యతే ముందు అని పెద్దాయన నోటి వెంట ఒక్కసారి వింటే చాలు, పన్నెండు రోజులుగా పట్టని నిద్ర పడుతుందని అతని ఆశ. నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలియాలంటే వంతు చెక్క సంగతి తెలియాలి.

ఆ కాలనీలో మెట్ల వరసకి ఎనిమిది ఇళ్ళు. అందరికీ కలిపి మెట్ల కింద ఒకటే మంచినీళ్ళ కొళాయి, అదీ పొద్దున్నే గంటన్నర మాత్రం వస్తుంది. ఇళ్ళు ఇచ్చిన కొత్తలో మూడో బ్లాకువాళ్ళు ఆ కొళాయి దగ్గర బిందెలు పెట్టి కొట్టుకున్నారు. అప్పుడు ఒకటో నంబరు ఇంట్లో ఉండే సన్యాసమ్మ, కాళ్ళు విరిగిన పీటొకటి తెచ్చి, దాని చెక్కకి చిల్లు పొడిచి తాడు కట్టింది. నల్లరంగుతో దాని మీద "వంతు" అని రాయించింది. చెక్క ఏ గుమ్మానికి వేలాడితే ఆ రోజు కొళాయి దగ్గర మొదటి బిందె ఆ ఇంటిదే. మూడంతస్తుల మెట్లూ కడిగి, కింద కాలవలో చెత్త తీయాల్సిందీ ఆ ఇల్లే. పని అయ్యాక దీపాలు పెట్టే లోపల ఆ ఇంటివాళ్ళు దాన్ని తరవాతి గుమ్మానికి మార్చాలి. ఎనిమిదో నంబరు నుంచి ఒక్కొక్క ఇల్లే దిగుతూ ఒకటో నంబరు దాకా వచ్చి, మళ్ళీ పైకి పోతుంది. పని చేసిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాన్ని తీయకూడదు. సంస్థ ఇచ్చిన ఏ కాగితంలోనూ ఈ ఏర్పాటు లేదు. అయినా పద్నాలుగేళ్ళు నడిచింది.

సన్యాసమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు. హోటల్లో పప్పు రుబ్బి బతుకుతోంది. మనిషి పిడికెడే గానీ నోటికి మాత్రం బ్లాకంతా జడుసుకునేది. ఎదురు గుమ్మం, రెండో నంబరు, ఏడుకొండలుది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఒక్క కొమ్ము గానీ ఒక్క సున్నా గానీ జారిపోనివ్వడని అక్కడ అతనికి పేరు. కాలనీలో ఎవరికి ఏ కాగితం వచ్చినా అతనే చదివి చెబుతాడు, ఎవరికి అర్జీ కావాలన్నా అతనే రాసిపెడతాడు. పైకప్పు కారి మూడో అంతస్తువాళ్ళు గిన్నెలు పెట్టుకుని పడుకుంటున్న రోజుల్లో, మరమ్మతు చేయించుకోవడం మన హక్కని ఒప్పంద పత్రంలో షరతు చూపించి, ఆరు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగి ఆ పని సాధించాడు. అందుకే అతన్ని అద్దెదార్ల సంఘానికి కార్యదర్శిని చేశారు. మంచివాడే. కాకపోతే మంచివాళ్ళకి పట్టే జబ్బొకటి అతనికీ పట్టింది. తను సరిగ్గా ఉన్నాడు కాబట్టి ఎదుటివాళ్ళని సరిచేసే భారం కూడా తన మీదే ఉందనుకోవడం ఆ జబ్బు.

ఆ వేసవిలో సన్యాసమ్మ వరసగా మూడు వంతులు తప్పింది. మొదటి బిందె పట్టుకుంది, మెట్లు కడగలేదు. చెక్కని మాత్రం ఎనిమిదో నంబరువాళ్ళు కిందికి దిగినప్పుడు వాళ్ళ చేతికిచ్చి పైన తగిలించుకోమంది. "మోకాలు మడత పడట్లేదు బాబూ" అని ఒకసారి ఏడుకొండలుతో అంది కూడా. హోటలుకి నడిచే మోకాలు మెట్ల దగ్గరే ఎందుకు మొరాయిస్తుందో అని అతను మనసులో అనుకున్నాడు. పై ఇళ్ళవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. రేపు సంస్థ దగ్గరికి మళ్ళీ హక్కులడగడానికి పోవాలంటే ముందు మన మెట్లు మనకి శుభ్రంగా ఉండాలి కదా అని అతను కాగితం తీశాడు. ఉమ్మడి స్థలాలు శుభ్రంగా ఉంచని అద్దెదారుపై చర్య తీసుకోవచ్చునన్న పదకొండో షరతు ఎత్తి రాసి, మిగతా ఆరిళ్ళవాళ్ళ చేత సంతకాలు పెట్టించి, ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. ముసలామెని కాస్త భయపెడదామనే తప్ప ఇల్లు పోగొడదామని కాదు. అయితే కాగితం ఆఫీసులోకి వెళ్ళాక దాని దారి దానిదే.

నోటీసు వచ్చింది. చదువు రాని మనిషి దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి పోతుంది? చేతులకంటిన పిండి కొంగుకి తుడుచుకుంటూ ఎదురు గుమ్మానికే వచ్చింది.

"ఇదేంటో చూడు బాబూ. ఆఫీసోళ్ళు ఇచ్చి పోయారు."

ఏడుకొండలు చదివాడు. పదకొండో షరతు ఉల్లంఘించినందున ఇల్లు ఖాళీ చేయించదలచామని మొదటి పేరా. దాని కింద ఇంకో పేరా ఉంది. ఆవిడ తన మాట చెప్పుకోవడానికి దారి అందులో ఉంది. అది చదివి వినిపిస్తే ఆవిడ తరవాత ఏమంటుందో అతనికి తెలుసు. ఐతే ఆ చెప్పుకునేదేదో నువ్వే రాసిపెట్టు బాబూ, అంటుంది. తను రాసిన ఫిర్యాదుకి తనే జవాబు రాయాలి. సంతకాలు పెట్టించిన ఆరిళ్ళవాళ్ళ మొహాలు ఎలా చూడాలి? కాగితం మడతపెట్టి ఆవిడ చేతికిచ్చేశాడు.

"ఇల్లు ఖాళీ చెయ్యాలంటున్నారు పిన్నీ."

సన్యాసమ్మ వెనక్కి తిరిగి తన గుమ్మం వైపు చూసింది.

"అంతేనా బాబూ?"

"అంతే."

బిందె కాస్త పక్కకి జరిపితేనే ఊరుకోని మనిషి, ఆ మాటకి ఊరుకుంది. కాగితం కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టిపోసినా అతనికి అంత కష్టంగా ఉండేది కాదు. మిగతాది ఆఫీసులో వాళ్ళే చెబుతార్లే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు ఆ రాత్రికే చెదిరిపోయింది.

వరండాలో సోమలింగం గారు అతని ప్రశ్న పూర్తిగా విన్నారు. విని, అలవాటు ప్రకారం పని చెప్పారు.

"దానికేం గానీ, ముందు నాకో కాగితం చదివిపెట్టు." చాప కింద తడిమి ఒక మడత తీశారు. "మధ్యాహ్నం మీ ఎదురింటి సన్యాసమ్మ ఇచ్చిపోయింది. ఇందులో ఏముందో తనకి తెలుసంట. ఇంక దాంతో పని లేదు గానీ పారెయ్యడానికి మనసొప్పలేదంది. నాకా, కళ్ళు ఆనవు."

ఏడుకొండలు చెయ్యి చాచి అందుకున్నాడు. మడతల్లో పిండి ఎండి అట్టకట్టింది. విప్పకుండానే అది ఏ కాగితమో అతనికి తెలిసింది. పైకి చదవడం మొదలుపెట్టాడు. ఇల్లు ఖాళీ చేయించదలచామన్న దగ్గరికొచ్చి, ఆనాడు ఎక్కడ ఆపాడో అక్కడే ఆపాడు.

"అంతేనా?" అన్నారు సోమలింగం గారు.

ఆయనకి ఏమీ తెలియదు. తెలిసి అన్న మాట కాదది. కానీ అదే మాట. పెద్దాయన అతని వైపు చెవి పెట్టి కూర్చున్నారు. ఇక తప్పక రెండో పేరా చదివాడు.

"ఈ నోటీసు అందిన పదిహేను రోజులలోగా అద్దెదారు తమ వివరణ ఇచ్చుకోవచ్చును. వృద్ధాప్యము వలన గానీ అనారోగ్యము వలన గానీ ఉమ్మడి పనులు చేయలేనివారు డాక్టరు చీటీ జతపరచిన యెడల, వారికి ఆ పనుల నుండి మినహాయింపు పొందు హక్కు కలదు."

"మినహాయింపంటే?"

"మెట్లు కడక్కపోయినా ఇల్లు ఉంటుందండి."

"మరి తనకి తెలుసంది కదా."

"నేను సగమే చదివానండి" అన్నాడు ఏడుకొండలు. తల దించుకున్నాడు. "ఆ ఫిర్యాదు రాసిందీ నేనే. ఇది చదివితే జవాబు కూడా నన్నే రాయమంటుందని..." అంతలో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నోటీసు వచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. గడువు ఇంకా మూడు రోజులుంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

కాలనీ గేటు దగ్గర ఆఫీసు గదిలో గుమస్తా బీరువాకి తాళం వేస్తున్నాడు. సన్యాసమ్మ పేరు చెప్పగానే, మధ్యాహ్నమే తాళంచెవి అప్పగించి పోయిందన్నాడు. గడువు మిగిలే ఉంది కదా అని ఏడుకొండలు అడిగితే ఒక కాగితం తీసి చూపించాడు. ఇష్టపూర్వకంగా ఇల్లు వదులుకుంటున్నానని నాలుగు వరసలు, కింద వేలిముద్ర. "వదులుకున్నాక ఇంక గడువుతో పనేముందండి" అన్నాడు. వేలిముద్ర వేసే ముందు ఆ నాలుగు వరసలు ఆవిడకి ఎవరైనా చదివి వినిపించారా అని ఏడుకొండలు అడగబోయి మానుకున్నాడు. ఆ మాట అడిగే అర్హత తనకి లేదని అతనికి తెలుసు.

మూడో బ్లాకు మెట్లు తడిగా ఉన్నాయి. మూలల్లో ఇసక కూడా లేకుండా కడిగారు. మొదటి అంతస్తులో ఉండే సువార్తమ్మ కిందికి దిగివచ్చి ఆఖరి మెట్టు మీద నిలబడింది. ఆవిడ కూడా ఆ ఫిర్యాదులో సంతకం పెట్టినావిడే.

"సన్నేసమ్మే కడిగింది అన్నయ్యా. ఒక్కో మెట్టు మీదా కూలబడి, కిందికి జరుగుతా కడిగింది. వద్దంటే వినలేదు. మూడు మార్లు తప్పానంటగా, ఒక్కటన్నా చేసి పోతానంది." సువార్తమ్మ కళ్ళు ఒత్తుకుంది. "మోకాల్లో నీరు చేరిందని డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించింది. ఇది ఎవరికియ్యాలో తెలీక బియ్యం డబ్బాలో దాచుకున్నానే అంది. చెల్లెలి ఊరంట. ఏ ఊరో నేను అడగలేదు. మూడు గంటల బస్సుకి ఎల్లిపోయింది."

అప్పుడు ఏడుకొండలుకి గుర్తొచ్చింది. ఇవాళ వంతు సన్యాసమ్మది కాదు. చెక్క పొద్దున్న తన గుమ్మానికే ఉంది. భార్య పుట్టింటికి వెళ్ళడంతో తనే లేచి మొదటి బిందె పట్టుకున్నాడు. మెట్లు సాయంత్రం కడుగుదాంలే అని ప్రెస్సుకి పోయాడు. అంటే ఆవిడ కడిగిపోయింది అతని వంతు. తన గుమ్మం వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది. పని చేసిన చెయ్యి కాబట్టి సన్యాసమ్మే చెక్క తీసి తరవాతి గుమ్మానికి మార్చింది. తరవాతి గుమ్మం ఒకటో నంబరు. సంస్థవారి కొత్త తాళం పక్కన, పద్నాలుగేళ్ళ నాటి ఆ పీటచెక్క తిన్నగా వేలాడుతోంది.

దాన్ని తీయడానికి చెయ్యెత్తి, దించేసుకున్నాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. సువార్తమ్మ పైకి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేసరికి సోమలింగం గారు అదే చాప మీద, అలాగే కూర్చుని ఉన్నారు. నోటీసు ఆయన ఒళ్ళో ఉంది. దాన్ని వేళ్ళతో నిమురుతున్నారు. అడుగుల చప్పుడులోనే ఆయనకి సంగతి అర్థమైనట్టుంది.

"బస్సు మూడింటికే వెళ్ళిపోయిందండి. తాళంచెవి ఇచ్చేసింది, వేలిముద్ర కూడా వేసేసింది."

"నాకు పన్నెండున్నరకి ఇచ్చింది ఈ కాగితం" అన్నారు ఆయన. "వీధిలో పోయే ఎవర్ని పిలిచినా చదివేవాళ్ళు. నాలుగింటి దాకా చాప కింద పెట్టుకు కూర్చున్నాను."

అవతల మిగతా శిష్యులు ఒక్కరొక్కరే వస్తున్నారు. ఏడుకొండలు తను వేసిన ప్రశ్న మళ్ళీ వేయలేదు. ఇంకోటి వేశాడు.

"చెక్క ఆవిడ గుమ్మానికే ఉందండి. ఆ ఇంట్లో మనిషి లేదు. ఇప్పుడది ఎవరు తీయాలండి?"

"దాని మీద ఏమని రాసుంది?"

"వంతు అనండి."

"ఒక్క మాటే" అన్నారు సోమలింగం గారు. "ఎవరి వంతు వాళ్ళదే అనుకున్నాం గానీ, చెయ్యలేనివాళ్ళ వంతు ఎవరిదో చూడలేదు. అది కూడా ఇన్నేళ్ళూ సగమే చదివాం, కొండలూ."