తాయారు చేతిఛాయ

సత్తిరాజుకి బహుమతి వచ్చిన వారానికే తిట్లు మొదలయ్యాయి.

బహుమతి వచ్చింది బొంబాయిలో. ఒక పెద్ద హిందీ సినిమాకి మేకప్ అంతా అతనిదే. అందులో కథానాయిక, గోదావరి సముద్రంలో కలిసే చోట చేపలు పట్టుకునే పిల్ల. ఆ వేషం వేసినామె పాలమీగడలా ఉంటుంది. ఆమెని రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి సత్తిరాజు నల్లగా చేసేవాడు. తెర మీద ఆ పిల్ల మిట్టమధ్యాహ్నం పడవెక్కి, తలనిండా మల్లెపూలు పెట్టుకుని, మాటకోసారి "అయ్యయ్యో" అంటుంది. మన తీరంలో ఎవరూ అలా మాట్లాడరు. ఆ సంగతి అక్కడ ఎవరికీ అక్కర్లేదు. దక్షిణాది అంతా వాళ్ళకి ఒకటే ఊరు.

"నల్లపిల్ల వేషానికి నల్లపిల్లే దొరకలేదా?" అని పేపర్లలో రాశారు. రంగు వేసినవాడి పేరు కూడా పెట్టి ఫోన్లలో తిప్పారు.

నిర్మాత అతన్ని పిలిచి ఉపాయం చెప్పాడు. "మీది నాటకాల పెంపకం కదా. మీ గురువుగారి చేత వీడియోలో రెండు ముక్కలు చెప్పించు. ఇది తరతరాల కళ అని ఆ పెద్దాయన అంటే అందరి నోళ్ళూ మూతపడతాయి." సత్తిరాజు తర్వాతి సినిమా కూడా ఆ వీడియో మీదే ఆగి ఉంది.

అందుకని పాలకొల్లు వచ్చాడు.

గురువు వీరభద్రాచారిగారు ఒక నాటక సమాజంలో జీవితమంతా రంగు వేస్తూ వచ్చిన మనిషి. సత్తిరాజు చిన్నప్పుడు ఆయన దగ్గరే రంగులు నూరి, కుంచెలు కడిగి పని నేర్చుకున్నాడు. ఆయనకి ఒక నియమం ఉంది. రంగు ముట్టుకునే ముందు వేషం కట్టేవాళ్ళ ముఖాన్ని తడిగుడ్డతో మన చేత్తోనే తుడవాలి. తుడుస్తూ ఆ ముఖం చూడాలి. ఆట అయ్యాక రంగు తీసేది కూడా వేసినవాడే.

ఆ సాయంత్రం ఆట ఒక హైస్కూలు ఆవరణలో. పదో తరగతి గదిలో బెంచీలు గోడకి జరిపి అందరూ ముస్తాబవుతున్నారు. సత్తిరాజు గురువుగారికి శాలువా కప్పి, కాళ్ళకి దండం పెట్టాడు.

"సినిమా చూశాన్రా," అన్నారు ఆయన. "రంగు బాగా అతికింది."

సత్తిరాజు ప్రాణం లేచివచ్చింది.

"మీరే చెప్పండి, నేను చేసిన తప్పేమిటి? రంగు వేయడమే కదండీ మన పని? మీసాలున్నవాళ్ళని మీరు సత్యభామలు చేయలేదా? మన సమాజంలో మాత్రం నల్లవాళ్ళ ముఖాలకి అర్దళం పొడి పులిమి పచ్చగా చూపించలేదా?"

"పులిమాం," అన్నారు గురువుగారు. "అదేమంత గొప్పపని కాదులే."

సత్తిరాజు ఆ మాటని చెవి పక్కనించి పోనిచ్చాడు. జేబులోంచి ఫోను తీసి, ఎక్కడ వెలుతురు బాగుందా అని చూశాడు.

"రెండు ముక్కలు చాలండి. ఇది మన పాత విద్యేనని, నేను మీ శిష్యుణ్ణేనని."

"అలాగే చెప్తాను. ముందు నీ పని ఒకసారి దగ్గర్నించి చూడనీ. పెట్టె తెచ్చావా?"

"కారులో ఉందండి."

"పట్రా."

పెట్టె వచ్చేసరికి గురువుగారు కిటికీ పక్కన కుర్చీ వేయించారు. "అమ్మా తాయారూ, ఇలా వచ్చి కూర్చో," అని కేకేశారు.

తాయారు ఆ సమాజంలో హార్మోనియం వాయించే ఆయన కూతురు. ఆ రోజు ఆటలో రాణి వేషం ఆమెదే. కాటుక కూడా ఇంకా పెట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని, "బాగున్నావా బాబాయ్?" అంది.

"ఆఁ," అన్నాడు సత్తిరాజు, పెట్టె తాళం వైపు చూస్తూ.

"ఈ పిల్లని మీ సినిమాలో పిల్లని చెయ్యి," అన్నారు గురువుగారు.

సత్తిరాజు డబ్బాలు విప్పి, పలక మీద మూడు రంగులు కలిపాడు. ఆ పాళ్ళు అతని చేతికి కంఠతా వచ్చు. తడిగుడ్డ పక్కనే ఉన్నా దాని జోలికి పోలేదు. బొంబాయిలో ఆ పని వేరేవాళ్ళు చూస్తారు, అలవాటు తప్పిపోయింది. బుగ్గల మీద, నుదుటి మీద, మెడ దాకా గబగబా వేసుకుంటూ పోయాడు. పని చేస్తున్నంతసేపూ అతనికి హాయిగానే ఉంది.

"అయిందండి," అన్నాడు.

గురువుగారు కళ్ళజోడు పెట్టుకుని తాయారు గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పారు. అటు చూశారు. ఇటు చూశారు.

"ఎక్కడ వేశావురా?"

"ఇదుగోండి, ఇక్కడ..." అని సత్తిరాజు చెయ్యెత్తాడు. బుగ్గ మీద చూపించబోయి ఆగాడు. నుదురు చూశాడు. మెడ దగ్గర రంగు ఆపిన చోటు వెతికాడు. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో అంచు దొరకలేదు. నీళ్ళలో నీళ్ళు పోసినట్టు కలిసిపోయింది.

"కలవకేం తాతగారూ," అంది తాయారు. ఆమె గొంతులో కోపం లేదు. "ఈ రంగు కలిపింది నా చెయ్యి చూసేగా."

సత్తిరాజు కుంచె పెట్టెలో పెట్టేశాడు.

ఆ సినిమావాళ్ళు అంతర్వేదిలో దిగినప్పుడు అతనే ఈమెకి కబురు పెట్టాడు. "ఒకసారి వచ్చి వెళ్ళు, పనుంది," అన్నాడు. ఏం పనో చెప్పలేదు. చెబితే రాదని తెలుసు. వచ్చాక ఆమె చెయ్యి బల్ల మీద పెట్టించి, ఆ ఛాయ వచ్చేదాకా రంగులు కలిపాడు. పక్క కుర్చీలో హీరోయిన్ కళ్ళు మూసుకుని కూర్చుంది. దర్శకుడు వచ్చి తాయారు చేతినీ, హీరోయిన్ బుగ్గనీ మార్చి మార్చి చూసి, భేష్ అని వెళ్ళిపోయాడు. ఆ చేతికి పైన ఒక ముఖం ఉందని ఎవరూ తలెత్తి చూడలేదు. సత్తిరాజు కూడా.

"అమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్ళానండి," అంది తాయారు గురువుగారితో. "వేషం కోసమే పిలిచారనుకున్నాను. పడవ మీద మాట్లాడే మాటలు నాలుగు బట్టీ కూడా పట్టాను."

"చెప్పమన్నారా?"

"లేదండి. చెయ్యి కదపొద్దన్నారు."

గదిలో మిగతావాళ్ళు అద్దాల్లో చూసుకుంటూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఒకాయన కిరీటానికి దారం కట్టుకుంటున్నాడు. సత్తిరాజుకి మాత్రం అందరూ తననే చూస్తున్నట్టుంది. ఊరూవాడా తిట్టినప్పుడు అతనికి కోపమే వచ్చింది. ఈ పిల్ల ఒక్క తిట్టూ తిట్టలేదు. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గురువుగారు గిన్నెలో గుడ్డ ముంచి పిండి అతని చేతికిచ్చారు.

"వేసినవాడే తీయాలి."

సత్తిరాజు తుడిచాడు. మొదట నుదురు, తర్వాత బుగ్గలు. గుడ్డ నల్లబడింది. ముఖం ఎలా ఉన్నదో అలాగే ఉంది. తుడుస్తుంటే చూడక తప్పలేదు. పెద్ద కళ్ళు. కుడి కనుబొమ చివర చిన్న మచ్చ. ఏదో చెప్పబోతూ ఆగినట్టుండే పెదవులు. చిన్నప్పటినించీ ఎరిగిన పిల్లే, ఇంత బాగుంటుందని అతనికి తెలియదు.

"అమ్మా," అన్నాడు. గుడ్డ గిన్నెలో పెట్టాడు.

గురువుగారు బెంచీ లాక్కుని తాయారు పక్కన కూర్చున్నారు. శాలువా సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఏదీ, నీ ఫోను తియ్యి. అడిగావుగా, చెప్తాను. ఈ పిల్ల కూడా కనపడేట్టు పట్టుకో."

ఫోను సత్తిరాజు జేబులోనే ఉంది. అతను తన వేళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

"చేతులకి రంగుంది గురువుగారూ," అన్నాడు.

ఆయన సరేనని లేచి, ఇంకో గుడ్డ తడిపి, రాణి వేషం కోసం తాయారు ముఖం తుడవడం మొదలుపెట్టారు.