పెంటమ్మప్ప గవ్వ

అనగనగా అని అందరూ అంటారు. ఇది అంతకంటే ఇంకాస్త వెనకటి మాట. అప్పటికి సముద్రానికి ఉప్పు పట్టలేదంటారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఎవరు నాకి చూశారు గనక!

ఆ రోజుల్లో మొగలిపేట అని చేపలవాళ్ళ పల్లె ఒకటుండేది. వెనక మొగలి పొదలు, ముందు సముద్రం, పక్కన ఏరు సముద్రంలో పడే చోటు. ఏటికి అవతల ఇంకో రేవు.

మొగలిపేట వాళ్ళు లెక్కలకి భలే గట్టివాళ్ళు. చేపల్ని లెక్కపెట్టేవారు. పీతల్ని లెక్కపెట్టేవారు. తోడికోడలు అన్న మాటల్ని కూడా లెక్కపెట్టి దాచుకునేవారు. వేటకెళ్ళిన మనుషుల్ని మాత్రం లెక్కపెట్టేవారు కాదు. మనుషుల లెక్క గంగమ్మ చెవిన పడితే ఆవిడ తన వాటా అడుగుతుందని భయం. అందుకని తెప్పలు తిరిగొచ్చే వేళకి ఊరిపెద్ద మసేను ఒడ్డున నిలబడి ఒకటే కేక వేసేవాడు.

"అందరూ వచ్చేరా?"

"వచ్చేరు!" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు.

రానివాళ్ళు ఎలాగూ పలకరు కదా! అదీ ఆ ఊరి పద్ధతి.

ఆ ఊళ్ళోనే పెంటమ్మ ఉండేది. పేరు వినగానే ముక్కు మూసుకోకండి. ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కకపోతే, ఈ పిల్లని చూసి చావు మొహం తిప్పుకుపోవాలని తల్లి పెట్టుకున్న పేరది. పేరు బాగానే పనిచేసింది. చావు పెంటమ్మ జోలికి రాలేదు. ఆమె పక్కనున్నవాళ్ళ జోలికి వచ్చింది.

ఒకనాడు నైరుతి గాలి రేగింది. తెప్పలు చెల్లాచెదురుగా వచ్చి ఒడ్డున పడ్డాయి. పెంటమ్మ మొగుడు ఎర్రయ్య కనపడలేదు.

"అందరూ వచ్చేరా?" అన్నాడు మసేను.

"వచ్చేరు!"

"మావోడు రానేదు పెద్దయ్యా," అంది పెంటమ్మ.

"అవతల రేవులో తేలుంటాడులే," అని మసేను ఏటి అవతలికి కేకేశాడు. "మావోలు అక్కడ తేలేరా?"

"తేలేరు!" అని జవాబొచ్చింది.

ఎంతమంది అని ఇటువాళ్ళు అడగలేదు. ఎంతమందో అటువాళ్ళు చెప్పలేదు. అందరూ ఇళ్ళకిపోయి గంజి తాగారు. తెల్లారి చూస్తే అవతల తేలినవాళ్ళలో ఎర్రయ్య లేడు. అప్పుడు వెతికారు. విరిగిన తెప్ప దొరికింది. తెప్పకి తనని తాను కట్టుకున్న ఎర్రయ్య దొరికాడు. ప్రాణం పోయింది గానీ ఒంట్లో వేడి ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ వేడి పెంటమ్మ అరచేతుల్లో ఉండిపోయింది. నీళ్ళలో ముంచినా పోలేదు, ఇసకలో రుద్దినా పోలేదు, గుండెలు బాదుకున్నా పోలేదు.

ఆమె మసేను గుమ్మం ఎక్కింది. "ఎల్లినోల్ని లెక్కెడదాం పెద్దయ్యా," అంది. మసేను నవ్వాడు. మళ్ళీ వెళ్ళింది. మసేను తిట్టాడు. మూడోసారీ వెళ్ళింది. మసేనుకి విసుగొచ్చింది.

"మనుసుల్ని లెక్కెట్టడానికి నేదంటే నేదు. నీకంత సరదాగా ఉంటే గవ్వల్ని లెక్కెట్టుకో, పో!"

ఆ మాట అతను మర్చిపోయాడు. పెంటమ్మ మర్చిపోలేదు.

ఆమె పిల్లలు లేని మనిషి. ఊరి పిల్లలందరికీ మాత్రం అక్క, వాళ్ళ మాటలో అప్ప. వలలల్లి పొట్టపోసుకునేది. మర్నాటి నుంచి ఊళ్ళో పిల్లలందరినీ పోగేసి ఇసకలో కూచోబెట్టింది. ముందు వల చూపించింది.

"మొదటి వరస పది కళ్ళు. రెండోది పన్నెండు. మూడోది పద్నాలుగు. తరవాత?"

"పదారు!"

"ఎనిమిదో వరస?"

పిల్లలు బిక్కమొహాలేశారు. నూకి అని ఒక గడుగ్గాయి ఉండేది. "అల్లకుండా ఎలా తెలుస్తాదప్పా? నువ్వు అల్లీసి పిలు, వచ్చి సూస్తాం," అంది.

"సోంబేరిదానా! మొదలెంతో తెలుసు. ఏ వరసకెంత పెరుగుతాదో తెలుసు. ఇంక ఎనిమిదో వరస నీకు దొరక్కుండా ఎక్కడికి పారిపోద్దే?"

నూకి కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. "ఇరవైనాలుగు," అంది. అంది కదా అని వారం పాటు ఎవరికీ అందకుండా తిరిగింది.

తరవాత కుండ తెచ్చింది పెంటమ్మ. "దీన్లో కొన్ని గవ్వలున్నాయి. ఎన్నో సెప్పను. ఇంకో మూడేసేను. ఇప్పుడు ఎనిమిది. ముందెన్ని?"

"కనపడందాన్ని ఎలా సెప్తాం?"

"కనపడేదానికైతే ఏలు సాలు. బుర్రెందుకే?"

అలా నేర్పింది. రోజూ మూడు మాటలు అడిగేది. ఎన్ని ఏసేం? ఎన్ని తీసేం? ఎన్ని ఉండిపోనాయి? పిల్లలకి నిద్రలో కూడా అవే మాటలు.

ఆపైన ఒక ఆట పెట్టింది. అయ్యలు వేటకెళ్తుంటే, ఎవరి అయ్య పేరున వాళ్ళు కుండలో ఒక గవ్వ వెయ్యాలి. అయ్య ఒడ్డెక్కాక ఒక గవ్వ తియ్యాలి. పిల్లలు లేనివాళ్ళ గవ్వలు పెంటమ్మే వేసేది. ఊళ్ళో తవుడు అని ఒకడున్నాడు. వాడికి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఇంటి ముందు కుక్క కూడా లేదు. వాడి కోసం ఎదురుచూసే గవ్వ అదొక్కటే. ఆ సంగతి వాడికే తెలీదు.

పెద్దవాళ్ళు ఆ ఆట చూసి నవ్వుకునేవారు. గవ్వలే కదా, గంగమ్మకేం కోపం!

మళ్ళీ ఒకనాడు నైరుతి గాలి రేగింది. పొద్దు వాలకముందే ఆకాశం బొగ్గయింది. తెప్పలు చెల్లాచెదురుగా వచ్చి ఒడ్డున పడ్డాయి.

"అందరూ వచ్చేరా?" అన్నాడు మసేను.

"వచ్చేరు!"

"రానేదు!" అంది నూకి, కుండలో చెయ్యిపెట్టి. "మూడు ఉండిపోనాయి!"

మసేను మొహం చిట్లించాడు. పెంటమ్మ అతన్ని దాటుకుని ఏటి ఒడ్డుకి పరిగెత్తింది. "అక్కడ ఎంతమంది తేలేరు? మనిసికో తెడ్డు ఎత్తండి!" అని అరిచింది.

అవతల ఒక తెడ్డు లేచింది. ఇంకొకటి లేచింది. పిల్లలంతా మూడోదాని కోసం చూశారు. అది లేవలేదు.

"మూడు ఉండిపోనాయి. రెండు అక్కడున్నాయి," అంది నూకి. మిగతాదానికి ఒక వేలు ఎత్తి చూపించింది.

అవతలి ఇద్దరూ తమ పేర్లు కేకేశారు, ఇవతల ఏ పిల్లల గవ్వ వాళ్ళ చేతిలో ఉంది. ఇంక మిగిలింది తవుడే.

"ఇంత గాలిలో ఎవలెల్తారే?" అన్నాడు మసేను. "ఎక్కడని ఎతుకుతారు?"

"ఈ గాలికి ఎర్రయ్య ఎక్కడికి కొట్టుకుపోనాడో నాకు తెలుసు," అంది పెంటమ్మ.

ఆడది తెప్పెక్కకూడదని ఆ ఊరికి ఇంకో కట్టుబాటు ఉంది. పెంటమ్మ దాన్ని కూడా దాటింది. ఎక్కేముందు కుండ దగ్గర ఆగి తన పేరున ఒక గవ్వ వేసింది. ఆమె గవ్వ కుండలో పడడం అదే మొదలు. అది చూసి సిగ్గుపడి ఇద్దరు మగాళ్ళు కూడా తెప్పెక్కారు. వాళ్ళ పిల్లలు వాళ్ళ గవ్వలు వేశారు. అవతల తేలిన ఇద్దరివీ నూకి అప్పటికే తీసేసింది.

"ఎన్ని ఉండిపోనాయే?" అని కేకేసింది పెంటమ్మ తెప్ప మీంచి.

"నాలుగప్పా!"

"మర్సిపోకు!"

ఆమె చెప్పిన చోటే తవుడు దొరికాడు. విరిగిన దుంగని కరుచుకుని, కొనఊపిరితో ఉన్నాడు. తెప్ప ఎక్కించారు. "నాను రానేదని ఎవలు సూసేరు?" అని అడిగాడట.  పెంటమ్మ తడిసిన కొంగుతోనే వాడి మొహం తుడిచిందట.

ఒడ్డు దగ్గరపడింది. మనుషుల మొహాలు కనపడేంత దగ్గర. అక్కడ అల లేచి తెప్పని బోర్లించింది.

ఒకడు ఒడ్డెక్కాడు. వాడి పిల్ల ఒక గవ్వ తీసింది. రెండోవాడు ఒడ్డెక్కాడు. వాడి కొడుకు ఒక గవ్వ తీశాడు. తవుడు పాక్కుంటూ ఒడ్డెక్కాడు. వాడి గవ్వ తియ్యడానికి ఎవరూ లేకపోతే నూకి తీసింది.

మసేను నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం "అందరూ..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. వచ్చినవాళ్ళెవరూ పలకలేదు. అతను మెల్లిగా నూకి వైపు తిరిగాడు.

"ఎన్నమ్మా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను మనుషుల లెక్క అడగడం అదే మొదలు.

"ఒక్కటి," అంది నూకి.

ఈసారి ఎవరూ గంజి తాగడానికి పోలేదు. వెతికారు, వెతికారు, వెతికారు. పెంటమ్మ దొరకలేదు. ఆ గవ్వ తియ్యడానికి నూకి ఒప్పుకోలేదు. "అప్ప వచ్చేక తీస్తాను," అంది. ముసలిదయ్యేదాకా అదే మాట అంది.

ఇప్పటికీ మొగలిపేట ఒడ్డున ఆ కుండ ఉంటుంది. పగిలితే కొత్తది పెడతారు, గవ్వ మాత్రం అదే. సాయంత్రం తెప్పలన్నీ ఒడ్డెక్కాక ఒక పిల్లో పిల్లడో కుండలో చెయ్యిపెట్టి "ఒక్కటే!" అని అరుస్తారు. ఆ కేక వినపడ్డాకే ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది. ఆ ఊరి పిల్లల్ని అయిదులోంచి అయిదు తీస్తే ఎంత అని అడిగి చూడండి. ఒకటి అంటారు. కొత్తగా వచ్చిన పంతుళ్ళు బెత్తం వెతుక్కుంటారు. పిల్లలు మాత్రం మాట మార్చరు.

"అది పెంటమ్మప్పదండి. ఇంకా రానేదండి."

కథ ఒడ్డెక్కింది. ఎవరి గవ్వ వాళ్ళు తీసుకుని ఇళ్ళకి పొండి. అడుగున ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి.