పలవరించిన ఊరు

మబ్బులు మేడల్ని రాసుకుంటూ పోయే నీలవరంలో పెద్ద చదువులకు పరాయి ఊరివాళ్లు మూడింతల రుసుము కట్టాలి. ఎవరు పరాయో తేల్చేది నిద్రే. మధ్యాహ్నం మండపంలో పడుకోబెట్టి, పలవరింతలో ఏ ఊరి పేరొస్తే ఆ ఊరివాళ్లని తేల్చేసేవాడు అధికారి దండపాణి.

ఏటవతల పుట్టి, చిన్నప్పట్నుంచీ ఇక్కడే మేకలు కాసుకుంటున్న నాంచారి వంతు వచ్చింది.

"కళ్లు మూసుకో పిల్లా!" అని గద్దించాడు.

రుసుము దిగులుతో ఆమెకు కునుకు పట్టలేదు. సంపెంగల గాలికి ఆయనకే పట్టింది. "అమ్మా, మన రేవులపాడులో వాన పడుతోందే..." అంటూ పసివాడిలా నవ్వాడు.

కలలో ఆ వాన వెలిసేదాకా నాంచారి ఆయన్ని లేపలేదు. కళ్లు తెరిచాక మెల్లగా అడిగింది. "అయ్యవారూ, రేవులపాడు ఏటవతలే కదా. మూడింతలు ముందు మీరు కడతారా, నన్ను కట్టమంటారా?"

దండపాణి తడికళ్లు తుడుచుకున్నాడు. "మనిద్దరం ఈ ఊరివాళ్లమేలే, తల్లీ."