తాతగారి మేకుకు తగిలించిన పిలుపు

మీలో చేత్తో ఏదో ఒకటి తయారుచేసి బతికేవాళ్ళున్నారు కదా? మరి సర్కారువారు ఏటా ఏమేం కొంటారో, ఆ కబురు ఎక్కడ చెబుతారో మీలో ఎందరికి తెలుసు? తెలియదా? తెలియకపోవడం మీ తప్పంటారా, చెప్పేవాళ్ళ తప్పంటారా?

ఈ తగువు చాలా పాతది. వెనకటికి మణిగిరి అనే రాజ్యంలో ఇదే తగువు రాజుగారి ఏనుగు దాకా వెళ్ళింది. వినండి.

మణిగిరిని ఉదయకేతు మహారాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఆయనకు యాభై రెండు బిరుదులుండేవి. పొద్దున్నే భట్రాజులు అవన్నీ చదివి ముగించేసరికి రాజుగారి పాలు చల్లారి మీగడ కట్టేవి. తాను నోరు విప్పితే చాలు, రాజ్యం నాలుగు మూలలా వినబడుతుందని ఆయన నమ్మకం. కొలువులో కాదనేవాళ్ళు లేరు గనక ఆ నమ్మకం ఏటేటా ఒళ్ళు చేసింది.

ప్రజల విన్నపాలు రాజుగారికి చదివి వినిపించే పని మైలమది. తండ్రి పోయాక ఆ కొలువు ఆమెకొచ్చింది. పాతికేళ్ళు నిండని పిల్ల. మాట మాత్రం కొడవలి. విన్నపం తెచ్చినవాళ్ళ ముఖం చూస్తే మటుకు ఆ కొడవలి ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది.

మృగశిర కార్తె దగ్గరపడుతుండగా ఒక రోజు ఆమె దగ్గరికి గొర్లగూడెం నుంచి బీరవ్వ వచ్చింది. అరవై ఏళ్ళ గొంగళ్ళ నేతగత్తె. భుజాన మడిచిన నల్లగొంగడి, కాళ్ళనిండా దుమ్ము.

"రాస్కో బిడ్డా," అంది బీరవ్వ కూర్చుంటూనే. "మా గూడెంల ఇరవై మగ్గాలుండె. ఇప్పుడు మూడే ఆడుతున్నయి. రాజు తన సిపాయిలకని వానకాలం ముంగట మూడొందల గొంగళ్ళు కొంటడంట. మా దగ్గర ఒక్కటి సుత కొనలే. ఈసారి కూడా కొనకుంటే నా మందను కటికాయనకు అప్పజెప్పాలె. గొర్లు పోతే ఉన్ని లేదు. ఉన్ని లేకుంటే మగ్గమెందుకు, పొయ్యిల పెట్టనీకా?"

"కొనుగోలు పత్రం ఉగ్రాణం తలుపుకు పదిహేను రోజులు వేలాడదీస్తారు కదా అవ్వా?"

"నాలుగేండ్ల సంది వస్తున్న. ఆ తలుపుకు ఏం లేదు."

మైలమకు నమ్మకం కుదరలేదు. ఉగ్రాణమంటే కోటకు కావలసిన సరుకంతా నిలవచేసే పెద్ద కొట్టు. లేచి అవ్వను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. తలుపు బార్లా తెరిచి గోడకు ఆనించి ఉంది. నున్నటి తలుపు. దాని మీద ఈగ కూడా వాలిలేదు.

ఉగ్రాణాధికారి బొప్పన ఎదురొచ్చాడు. "పత్రమా? ఎందుకు లేదమ్మా, నిక్షేపంలా ఉంది. తలుపు వెనక."

మైలమ తలుపుకూ గోడకూ నడుమ ఉన్న సందులో తల దూర్చింది. సాలెగూడు ముఖానికి చుట్టుకుంది. చీకట్లో ఒక మేకు, మేకుకు తాటాకు.

"ఇది ఎవరు చదువుతారండీ?"

"ఎవరైనా చదవచ్చు. లోపలికొచ్చి తలుపేసుకుంటే ఎదురుగ్గానే ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు నేనూ మా వియ్యంకుడూ తలుపేసుకుని కాస్త నడుం వాలుస్తాం. పాపం, ఆయన కళ్ళు తెరవగానే ఇదే చూస్తాడు. అందుకే ఏటా గొంగళ్ళు ఆయనే తెచ్చిపోస్తాడు."

"బయటివైపు తగిలించకూడదూ?"

బొప్పన చెంపలు వేసుకున్నాడు. "ఎంత మాట! ఆ మేకు పెద్దరాజావారు, మన ప్రభువు తాతగారు, స్వహస్తాలతో కొట్టింది. ఆ మేకుకే తగిలించాలని శాసనం. అప్పట్లో అది వీధివైపే ఉండేదిలే. మరమ్మతు చేసినప్పుడు వడ్రంగి తలుపును తిరగేసి బిగించాడు, మేకు లోపలికి పోయింది. మేకు తియ్యమని శాసనంలో ఉందా? లేదే!"

మైలమకు నవ్వు ముంచుకొచ్చింది. పక్కకు చూస్తే బీరవ్వ నవ్వడం లేదు. నున్నటి తలుపును అరచేత్తో నిమురుతోంది.

"నాలుగేండ్లు దీని ముంగటనే నిలవడ్డ బిడ్డా," అంది నెమ్మదిగా. "నాకు చదువు రాకపాయె. అందరికీ కనవడేది నాకే కనవడతలేదేమో అనుకున్న."

మైలమ అవ్వ చెయ్యి పట్టుకుని, "రేపు కొలువుకు రా అవ్వా" అంది.

మర్నాడు కొలువులో విన్నపం చదివింది. వింటూనే రాజుగారి మీసం లేచింది.

"మేము ఎవరినీ రావద్దనలేదే! పత్రం తగిలిస్తున్నాం. ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా సరుకు తేవచ్చు. రానివాళ్ళు సోమరులు. మేం పిలిస్తే చెవిటివాడు కూడా లేచి వస్తాడు! రావాలని మనసుండీ మా పిలుపు అందనివాళ్ళు ఒక్కరున్నారని రుజువు చేసేవాళ్ళు ఈ సభలో ఉన్నారా?"

సభ తల దించుకుంది. మైలమ దించుకోలేదు.

"నేను చేస్తాను ప్రభూ. మీ పుట్టినరోజు దాకా గడువివ్వండి. గొంగళ్ళ పత్రానికీ అదే ఆఖరు రోజు."

"పది రోజులు. సరే. ఓడిపోతే?"

"మీకు యాభై మూడో బిరుదు నేనే కట్టి, రోజూ నేనే చదువుతాను."

"రెండు కట్టాలి," అన్నాడు రాజు వెంటనే.

"నాలుగు కడతాను. ఒక్క చిన్న మనవి. ఏటా మీ పుట్టినరోజుకు డప్పులవాళ్ళు సంతసంతకూ తిరిగి గొంతు చించుకుంటారు. మీ అంతటివారి పిలుపుకు డప్పు దేనికి? ఈ ఏడు తాతగారి శాసనం ప్రకారం, గొంగళ్ళ పిలుపు ఎలా వెళుతుందో అచ్చం అలాగే, ఆ పత్రం పక్కనే మీ పుట్టినరోజు పిలుపూ తగిలిస్తాను."

"భేష్!" అన్నాడు రాజు. "రాజు పిలుపంటే అలా ఉండాలి."

బొప్పన ఏదో అనబోయి, పుట్టినరోజు పిలుపు తగిలించకూడదని శాసనంలో లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

పుట్టినరోజు వచ్చింది. రాజుగారు పట్టుబట్టలు కట్టి, కిరీటం పెట్టి, అంబారీ ఎక్కాడు. పక్కన మైలమ కూర్చుంది. కోట తలుపులు తెరుచుకున్నాయి.

వీధిలో ఎవరూ లేరు.

అంటే మనుషులు లేరని కాదు. ఎవరి పనిలో వాళ్ళున్నారు. అరుగు మీద ఒకాయన సగం గడ్డం గీయించుకుంటూ ఏనుగును చూసి, "దీన్ని నీళ్ళకు తోలుకెళుతున్నట్టున్నారు" అన్నాడు. మంగలాయన "కదలకు" అన్నాడు. ఇంకో సందు తిరగగానే ఒక ముసలామె వడియాలు ఆరబెట్టిన చాపకు అడ్డంగా చేతులు చాపి నిలబడి, "అటు తిప్పవయ్యా మావటీ! అటు!" అని కేకేసింది. పైన ఎవరున్నారో తల ఎత్తి చూడనైనా లేదు.

ఒక తోరణం లేదు. ఒక హారతి లేదు. భట్రాజులు ఇరవయ్యో బిరుదు దగ్గర గొంతు తగ్గించి, ముప్పయ్యో బిరుదు దగ్గర మానేశారు.

రాజుగారి కిరీటం మెల్లగా ముందుకు వాలింది. కోపం తెచ్చుకుంటాడని మైలమ కాచుకుని ఉంది. కానీ ఆయన ఆమె వైపు వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"మైలమా, వీళ్ళకు నేనంటే ఇష్టం పోయిందా?"

పది రోజులుగా నాలుక మీద నూరిపెట్టుకున్న మాటలన్నీ మైలమకు చప్పున చప్పబడిపోయాయి. ఉగ్రాణం తలుపును నిమిరిన బీరవ్వ చెయ్యి గుర్తొచ్చింది. ఈ ముఖమూ ఆ ముఖమూ ఒకటే అనిపించింది.

"మీరే చూడండి ప్రభూ," అని, వంగి వడియాల ముసలామెను పిలిచింది. "అమ్మా! ఇవాళ రాజుగారి పుట్టినరోజు, రాలేదేం?"

ముసలామె అప్పుడు తల ఎత్తింది. పిండి చేతులు రెండూ నెత్తిన పెట్టుకుంది.

"అయ్యో నా తండ్రీ! ఇవాళేనా? డప్పు మోగలేదు, నీకు ఒంట్లో బాగోలేదేమోనని రాత్రి దేవుడికి మొక్కుకున్నాను కూడా! చెప్పొద్దూ? చెబితే బూరెలు వండుకుని వచ్చేదాన్ని కాదూ! ఒసే, ఎవరక్కడ, రాజుగారొచ్చారే! బయటికి రండే!"

తలుపులు తెరుచుకున్నాయి. సగం గడ్డం ఆయన తుండుగుడ్డతోనే పరిగెత్తుకొచ్చాడు. అందరి నోటా ఒకటే మాట: "చెప్పలేదే! మాకెవరూ చెప్పలేదే!"

రాజు ముఖం విచ్చుకుంది. వెంటనే మళ్ళీ ముడుచుకుంది. "నువ్వు పిలవలేదా?"

"పిలిచాను. పది రోజులుగా తాతగారి మేకుకు వేలాడుతోంది. రండి, చూపిస్తాను."

ఏనుగు ఉగ్రాణం ముందు మోకరిల్లింది. రాజుగారు దిగి తలుపు చూశాడు. ఏమీ లేదు. లోపలికి వెళ్ళాడు. అక్కడా ఏమీ లేదు.

"తలుపు వేసుకోవాలి ప్రభూ," అన్నాడు బొప్పన వినయంగా.

వేశారు. చీకటి. పక్కనే ఎండుమిరపకాయల బస్తాలు. రాజుగారు ఒక తుమ్ము తుమ్మాడు, మైలమ రెండు, బొప్పన అలవాటు మీద తుమ్మలేదు. దీపం తెచ్చారు. అప్పుడు కనబడ్డాయి మేకుకు రెండు తాటాకులు. పైది రాజుగారి పుట్టినరోజు. కిందిది మూడొందల గొంగళ్ళు.

"ప్రభూ," అంది మైలమ, "రాజ్యమేలే మీకే మీ పిలుపు చదవడానికి ఏనుగు దిగి, తలుపేసుకుని, దీపం పెట్టుకుని, మిరపఘాటు మింగాల్సి వచ్చింది. అక్షరం రాని బీరవ్వ నాలుగేళ్ళు బయటివైపు నిలబడి, తప్పు తన కళ్ళదనుకుంది. ఇవాళ మీకోసం రానివాళ్ళు సోమరులైతే ఆమె కూడా సోమరే. చెప్పండి, ఎవరు సోమరులు?"

రాజుగారు జవాబు చెప్పబోయి మళ్ళీ తుమ్మాడు. కిరీటం జారి మిరపబస్తాలో పడింది. ఆ మసక వెలుగులో ముందు ఒక చిన్న నవ్వు, ఆ తరవాత ఉగ్రాణం దద్దరిల్లేలా పెద్ద నవ్వు వినబడింది.

"ఓడిపోయాను మైలమా! మేకు చేతిలో ఓడిపోయాను!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కళ్ళనీళ్ళు మిరపకాయలవో, నవ్వువో, వీధిలో ముసలామె మాటలవో ఆమె అడగలేదు. "ఆ బీరవ్వ ఎక్కడ?"

బయటే ఉంది. పత్రానికి ఆఖరు రోజని మైలమే రప్పించింది. రాజుగారు ఆమె గొంగడిని నలుగురి చేత నాలుగు కొసలా పట్టించి, నడుమ బిందెడు నీళ్ళు పోయించాడు. నీళ్ళు చెరువులా నిలిచాయి, కింద చుక్క పడలేదు. బొప్పన వియ్యంకుడి గొంగడి తెచ్చి పోస్తే బొప్పన కాళ్ళు తడిశాయి.

"మూడొందలు నేసిస్తావా అవ్వా?"

"నా ఇంట్ల నలభై ఉన్నయి రాజా. అబద్ధమెందుకు. మిగిలినయి వేరే గూడేలల్ల ఉన్నయి, ఇంటికి పది, ఇంటికి ఇరవై. వాళ్ళకు చెప్పెటోళ్ళు లేరు, గంతే."

ఆ ఒక్క మాటతో రాజుగారు అక్కడికక్కడే ఆజ్ఞ మార్చాడు. గడువు ఇంకో పదిహేను రోజులు. ఏం కావాలి, ఎన్ని కావాలి, ఎప్పటిలోగా ఎవరికి ఇవ్వాలి అన్నది తేలిక మాటల్లో ప్రతి సంతలోనూ డప్పు కొట్టి చెప్పాలి. పది తెచ్చినా తీసుకోవాలి. బొప్పన వియ్యంకుడూ తేవచ్చు, తడవని గొంగడైతే. ఇక మైలమకు తన లాయంలోంచి ఒక చిట్టి తెల్లగుర్రాన్ని బహుమానంగా ఇచ్చి, "సంతసంతకూ నువ్వే తిరిగి చెప్పు. నా గొంతు కన్నా నీ గొంతు దూరం పోతుంది" అన్నాడు.

మొదటి సంత గొర్లగూడెంలోనే. మైలమ గుర్రం దిగి, డప్పు ఆగగానే, కొనుగోలు పిలుపు చదివింది. వెనక నుంచి ఒక నేతగాడు, "మళ్ళొకసారి చెప్పు బిడ్డా" అన్నాడు. చెప్పింది. "ఇంకొక్కసారి." ఇంకొక్కసారీ చెప్పింది. బీరవ్వ కొంగు నోట్లో కుక్కుకుని వింటోంది.

ఆ సాయంత్రం మంద కోసం వచ్చిన కటికాయన ఉత్త పలుపుతాళ్ళు పట్టుకుని తిరిగి వెళ్ళాడు. పోతూ పోతూ, వానలొస్తున్నాయి కదా అని తనకూ ఒక గొంగడి కావాలన్నాడు.

"సిపాయిల లెక్క తీరినంక రా తమ్మీ," అంది బీరవ్వ, గొర్రెపిల్లను చంకనెత్తుకుంటూ.

వింటున్నారు కదా, ఇక లేవండి. మీ మండలాఫీసు గోడ మీదో, చేతిలో ఉన్న సెల్‌ఫోనులోనో ఇవాళ కూడా ఏదో ఒక కొనుగోలు ప్రకటన ఉండే ఉంటుంది. బడిపిల్లలకు బట్టలు, ఆస్పత్రికి దుప్పట్లు, హాస్టలుకు బల్లలు. వెతకండి. కనబడకపోతే లోపలికి వెళ్ళి ఎక్కడ పెట్టారో నిలదీసి అడగండి. చదవడం వచ్చినవాళ్ళు ఒక్కరికైనా, కుట్టేవాళ్ళకో నేసేవాళ్ళకో చెక్కేవాళ్ళకో, పొద్దుగూకేలోగా గట్టిగా చదివి వినిపించండి. మళ్ళొకసారి చెప్పమంటే, విసుక్కోకుండా మళ్ళొకసారి చెప్పండి.