లక్క పూయని జానెడు గోడ

అనగనగా ఒక అడవిలో, ఎర్రగుట్ట కింద, తరతరాలుగా ఎలుకలు కాపురం చేస్తున్న ఇల్లు ఒకటి ఉండేదర్రా. బయటి నుంచి చూస్తే ఒట్టి కలుగే. లోపలికి వెళితే మాత్రం ఒక పడకగది, ఒక గింజల గది, నున్నగా అలికిన మట్టిగోడలు.

ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. ఏటా వానలు రాకముందే పుట్టమన్నులో ఊక, పేడ కలిపి తొక్కి గోడలు అలకాలి. ఇంట్లో పిల్ల పుట్టి కళ్ళు తెరిస్తే, గింజల గది గోడకు తడిమట్టి అద్ది ఆ పిల్ల పాదం ఆనించాలి. కొత్త కోడలు వచ్చినా అంతే. ఏటా అలికేటప్పుడు ఆ ముద్రల మీద మట్టి పడకుండా చుట్టూ మాత్రమే అలకాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో పొట్టియ్య అనే ఎలుక, అతని భార్య నాంచారి ఉంటున్నారు. ఈశాన్యం మూల గోడ మీద పొట్టియ్య తల్లి ముద్ర ఉంది. కోడలిగా వచ్చిననాడు వేసింది. దానికి ఒక వేలు తక్కువ. చిన్నప్పుడు గుడ్లగూబ పట్టుకోబోతే ఆ వేలు వదులుకుని ప్రాణం దక్కించుకుందట. ఆవిడ పోయాక నాంచారి రోజూ పొద్దున్నే మొదటి గింజ ఆ ముద్ర ముందు పెట్టి, దణ్ణం పెట్టుకునేది. తరవాతే ఎవరైనా నోట్లో గింజ వేసుకోవడం.

ఒక ఎండాకాలం పొట్టియ్య మట్టి తొక్కుతుంటే పక్క చెట్టు మీది ఉడత సింగారి దిగి వచ్చింది.

"ఏటా ఈ తొక్కుడు ఏమిటి అన్నయ్యా? మా తొర్ర చూడు. ఒక్కసారి లక్క పూశాను. మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు" అంది.

పొట్టియ్య వెళ్ళి చూశాడు. తొర్ర లోపల ఎర్రగా మెరిసిపోతోంది. తన మీసాలు తనకే కనిపించాయి. ఇంటికి వచ్చి మట్టిగోడలు చూస్తే మొహం ముడుచుకుపోయింది.

"మనమూ లక్క పూద్దాం" అన్నాడు భార్యతో.

"ఇన్నాళ్ళూ మట్టితోనే నిలిచిన ఇల్లండీ."

"అందుకే ఇన్నాళ్ళూ మన నడుములు విరిగాయి."

"మరి ముద్రలో?"

"ఎక్కడికి పోతాయే? లక్క కింద భద్రంగా ఉంటాయి."

నాంచారి ఈశాన్యం మూల వైపు చూసింది. తరవాత మెల్లగా అంది. "అత్తయ్య ముద్ర ఉన్నచోట మాత్రం వదిలేయండి. అది కూడా మూసేస్తే రేపు పొద్దున నేను ఎవరికి దణ్ణం పెట్టుకోను?"

వెంట వచ్చిన సింగారి తోక ఆడిస్తూ నవ్వింది. "అత్త పోయినా పెత్తనం పోలేదన్నమాట వదినా."

"ఆవిడ పెత్తనమంతా నా వంతు గింజ తగ్గకుండా చూడటమేలే సింగారీ" అంది నాంచారి.

"జానెడు మట్టి కనిపిస్తే చూసినవాళ్ళు నవ్వుతారు" అని పొట్టియ్య గొణిగాడు. అయినా ఆ జానెడు గోడ వదిలేశాడు.

చెట్ల కొమ్మల నుంచి గీకి తెచ్చి బండ మీద పోసిన లక్క రోహిణీ కార్తె ఎండకు మెత్తబడింది. భార్యాభర్తలు ఆకులతో తెచ్చి గోడలన్నిటికీ పూశారు. ఇల్లు మెరిసిపోయింది. కుందేలు వచ్చి మెచ్చుకుంది. తొండ వచ్చి మెచ్చుకుంది. నేలలో ఉండే ముసలి కప్ప మాత్రం గోడను తడిమి చూసి ఒక మాట అడిగింది.

"బాగుంది నాయనా. మరి గోడకు ఊపిరి ఎటునుంచి?"

"గోడకు ముక్కెక్కడుంది తాతా?" అన్నాడు పొట్టియ్య. అందరూ నవ్వారు. కప్ప కూడా నవ్వి వెళ్ళిపోయింది.

వానాకాలానికని ఇద్దరూ గింజలు చేర్చారు. ఒక గోడ వారన వడ్లు, ఒక గోడ వారన సామలు పోశారు. ఆఖరున తెచ్చిన కొర్రలకు చోటు లేకపోతే నాంచారి ఈశాన్యం మూల, అత్తగారి ముద్ర కింద పోసింది. ఆ వారంలోనే ఆమెకు పిల్లలు పుట్టారు.

మొదటి వాన కురిసింది. గోడల మీద సన్నని నీటిచుక్కలు పట్టాయి. "మెరుపు ఇంకా పెరిగింది చూశావా" అన్నాడు పొట్టియ్య.

రెండో వాన కురిసింది. చుక్కలు ధారలు కట్టి గింజల్లోకి జారాయి. గదిలో ముక్క వాసన మొదలైంది. "కొత్త ఇల్లు కదా, కొన్నాళ్ళు అలాగే ఉంటుంది" అన్నాడు.

మూడో వాన వదలకుండా కురిసింది. బయట నేలంతా నీళ్ళు. కాలు పెట్టే వీలు లేదు. లోపల చూస్తే వడ్లు మొలకలెత్తి కుళ్ళాయి. సామలు బూజు పట్టి ముద్దకట్టాయి. పొట్టియ్య ఒక ముద్ద విరిచి వాసన చూసి కింద పెట్టాడు.

రెండు పూటలు తిండి లేకపోయేసరికి నాంచారికి పాలు తగ్గాయి. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాయి. ఏడుపు ఆగాక పొట్టియ్యకు ఇంకా భయం వేసింది.

కొర్రలూ పాడయ్యే ఉంటాయనుకుంటూనే నాంచారి లేచి ఈశాన్యం మూలకు వెళ్ళింది. పైపొర తీసి కొర్రలు పిడికిట్లోకి తీసుకుంది. వదిలితే గలగలా రాలాయి. ఒక్క గింజకు కూడా తడి లేదు.

"ఏవండీ, ఇటు రండి" అంది.

వాన నీళ్ళలో ఈదుకుంటూ వచ్చిన ముసలి కప్ప గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది.

"ఇంట్లో తడిని మట్టిగోడ తాగుతుంది నాయనా. పొడిగాలి రాగానే వదిలేస్తుంది. లక్క తాగదు. మీ ఊపిరిలో ఆవిరి, గింజల్లో చెమ్మ, అన్నీ లక్క మీద చేరి మళ్ళీ గింజల మీదే పడ్డాయి. ఈ జానెడు గోడ తన పని తాను చేసుకుంది" అంది.

"మరి సింగారి తొర్రకు ఏమీ కాలేదే?"

"ఆవిడది చెట్టు మీద, గాలి తగిలే ఇల్లు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నీది నేల కింది ఇల్లని నువ్వు మరిచిపోయావు."

ఆ కొర్రలతోనే వానాకాలం గడిచింది. పిల్లల తల్లి ముందు తినేది. పొట్టియ్య మిగిలినవి తినేవాడు. పిల్లలన్నీ బతికాయి.

ఎండ వచ్చాక పొట్టియ్య లక్క పెకలించడం మొదలుపెట్టాడు. లక్క పెళ్ళలుగా ఊడింది. దాన్ని అంటుకుని పాత మట్టి కూడా ఊడి వచ్చింది. ఒక పెళ్ళ వెనక ఒక చిన్న పాదం గుర్తు కనిపించింది. నాంచారి చూసి, "మీదే" అంది. పొట్టియ్య దాన్ని జాగ్రత్తగా పట్టుకుని గోడకు ఆనించాడు. పొడిపొడిగా రాలిపోయింది.

"మళ్ళీ వేసుకోవచ్చుగా" అన్నాడు.

"వేసుకోవచ్చు. ఇప్పటి పాదం పడుతుంది. అప్పటిది పడదు."

పొట్టియ్య వెళ్ళి పుట్టమన్ను తెచ్చాడు. ఊక, పేడ కలిపి తొక్కసాగాడు. సింగారి కొమ్మ మీద నుంచి చూసి, "మళ్ళీ మట్టేనా అన్నయ్యా?" అంది.

"మట్టేనమ్మా. ఊరికే చూసే బదులు దిగి వచ్చి ఒక కాలు వెయ్యి."

సింగారి దిగి వచ్చి తొక్కింది. గోడలన్నీ అలికారు. నానమ్మ ముద్ర చుట్టూ పిల్లలు వరసగా పాదాలు ఆనించాయి. అన్నిటికన్నా చిన్నది తన ముద్ర చూసుకుని, అమ్మ ముద్ర ఏదని అడిగి, "నాన్నా, నీది ఏది?" అంది.

అమ్మ ముద్ర కూడా లక్కతోనే పోయింది. పొట్టియ్య గోడ మీద ముద్ర లేని రెండు చోట్లు చూపించాడు.

"ఇది అమ్మది. ఇది నాది. ఇక్కడే ఉండేవి" అన్నాడు. ఆ రెండు చోట్లా ఇంకెవరి పాదమూ వేయనివ్వలేదు.

నీతి: పాత ఇంట్లో దేన్నయినా మూసే ముందు అది ఏ పని చేస్తోందో తెలుసుకోవాలి. గోడను మళ్ళీ అలుక్కోవచ్చు, దాని మీది గుర్తును మళ్ళీ తెచ్చుకోలేం.