బానెట్ మీద అక్షింతలు

వరహాలమ్మగారిని ఏ ప్రశ్న అడిగినా తిన్నగా జవాబు రాదు. ముప్పయ్యేళ్ళు ఆస్పత్రుల్లో నర్సుగా చేసి, ఉద్యోగం దిగాక ఉద్దానం కొబ్బరితోటల మధ్య చిన్న ఆశ్రమం పెట్టుకున్నారావిడ. సాయంత్రాలు గీత చెబుతారు. మోక్షం గురించి అడిగినవాణ్ణి మధ్యాహ్నం ఏం తిన్నావని అడుగుతారు. మాయ గురించి అడిగినవాడి చేతికి చీపురిచ్చి వసారా ఊడ్చమంటారు. కొత్తవాళ్ళు దాన్ని చాదస్తమనుకుంటారు. పాతవాళ్ళు మాత్రం మాట్లాడకుండా చీపురు అందుకుంటారు.

జోగారావు పూర్తిగా కొత్తవాడు కాదు, అలాగని పాతవాడూ కాదు. పద్దెనిమిదేళ్ళు లారీ నడిపి, దారిపొడుగునా అందరితోనూ తగువులాడి, ఆ కోపం తనకే బరువై రెండేళ్ళ కిందట, అందరూ అమ్మ అని పిలిచే వరహాలమ్మగారి దగ్గరికొచ్చాడు. అమ్మ అతనికి జపం చేసుకోమని ఒక తావళం, ఆశ్రమం వ్యాను తాళాలు ఒకేసారి చేతిలో పెట్టారు. సోమవారం, గురువారం తెల్లారేసరికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలోని ఆరుగురు కిడ్నీ జబ్బు మనుషుల్ని ఎక్కించుకుని పట్నంలో డయాలసిస్ చేయించి తీసుకురావడం అతని పని. ఆ ఆరుగురికీ ఆ వ్యానే ఊపిరి. అది జోగారావుకు బాగా తెలుసు.

ఒక మంగళవారం సాయంత్రం పాఠం అయిపోయి అందరూ లేచి వెళ్ళాక అతను అమ్మ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, రెండేళ్ళయి జపం సేస్తన్నాను. కోపం తగ్గాల గదా? ఇంకా పెరుగుతున్నాది. ఎందుకంటారు?"

ఆ కోపం అతని తమ్ముడు కూర్మారావు మీద. నాలుగేళ్ళ కిందట గట్టు మీదున్న పనసచెట్టును కూర్మారావు మాటైనా చెప్పకుండా కొట్టించేశాడు. తండ్రి నాటిన చెట్టు, ఆఖరి రోజుల్లో ఆయన మంచం వేసుకున్న నీడ అది. ఇప్పుడు రోడ్డు పక్కన మోడు మాత్రం మిగిలింది. వ్యాను వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని పక్కనుంచే పోవాలి. ఆ మోడు కంటబడితే చాలు, జోగారావు చేతులు స్టీరింగును పిండేస్తాయి. పట్నం చేరేదాకా పళ్ళు కొరుకుతూనే ఉంటాడు.

"జపంలో ఏటనుకుంటావు?" అన్నారు అమ్మ.

"మా నాన్న సెట్టు కొట్టించేసిన కూర్మారావుని నేను క్షమించీసినాను అనుకుంటానమ్మా. పూస పూసకీ అదే మాట. రోజుకి నూట ఎనిమిది సార్లు. ఒక్క పూస తప్పను."

"బండి కదుల్తున్నాదా, నాయనా?" అని అడిగారు అమ్మ.

జోగారావు ఉన్నదంతా చెప్పుకొచ్చాడు. నిన్న సోమవారం బండి కదల్లేదు. తాళం తిప్పితే గుడ్లప్పగించి చూసినట్టు లైట్లు వెలిగాయి గాని ఇంజను పలకలేదు. బానెట్ ఎత్తితే లోపల వైర్లు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఎలుకలు కొరికేశాయి. నెలలో అది మూడోసారి. జంక్షన్లో ఎదురుచూస్తున్న ఆరుగురిలో అయిదుగురు జీడిపిక్కల లారీ పట్టుకుని ఎలాగో వెళ్ళారు. బృందావతమ్మ అంత ఎత్తు ఎక్కలేకపోయింది. కాళ్ళు వాచి, ఆయాసంతో మైలురాయి మీద కూలబడి, చివరికి ఇంటికి తిరిగివెళ్ళిపోయింది. గురువారం కూడా తప్పిపోతే ఆవిడ మళ్ళీ ఆ రాయి మీద కూర్చోవడానికి ఉండదని డాక్టరు ఫోనులో చెప్పాడు.

ఎలుకకు చదువు లేదు గాని వైరింగు బాగా తెలుసు. ముఖ్యమైన వైరును వదిలి పనికిరానిదాన్ని కొరికిన ఎలుక ఇంతవరకూ పుట్టలేదు. జోగారావు చెయ్యని ప్రయత్నం లేదు. కలరా ఉండలు వేలాడదీశాడు. పొగాకు కాడలు కట్టాడు. మిరియాలపొడి జల్లితే ఎలుకలు ఏమైపోయాయో తెలియదు గాని అతను మాత్రం పూటంతా తుమ్మాడు. పక్కతోట నుంచి పిల్లిని తెచ్చి పెడితే అది బానెట్ వేడికి హాయిగా పైన పడుకుంది. ఎలుకలు కింద తమ పని చేసుకున్నాయి. "వినాయకుడి బండొచ్చి మన బండిని తినేస్తన్నాది సావీ, నానేటి సేసేది?" అని మెకానిక్ ఢిల్లేశు కూడా చేతులెత్తేశాడు.

ఇక దిక్కు దేవుడే అనుకుని జోగారావు పూజ పెంచాడు. అంతకుముందు శుక్రవారం మాత్రమే బండికి పూజ చేసేవాడు. మొదటిసారి వైర్లు తెగినప్పటి నుంచి రోజూ చేస్తున్నాడు. రెండోసారి తెగాక కొబ్బరికాయకు తోడు బెల్లం చేర్చాడు. మూడోసారి తెగాక చిటికెడు అక్షింతలు కాస్తా దోసెడయ్యాయి. భక్తిలో అతనికి వంక పెట్టేవాడు లేడు.

ఇదంతా విని అమ్మ, "రేపు పొద్దున్న పూజకి నేనూ వొస్తాను. నేనొచ్చేదాకా మొదలెట్టకు" అని లేచారు. కోపం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. జోగారావుకు కొంచెం చిన్నతనమనిపించింది.

బుధవారం పొద్దున్నే అమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని వ్యాను ముందు కూర్చున్నారు. కొబ్బరి పీచు కుప్పలు వేసే పాక అది. ఎండ తగలకుండా బండిని అక్కడే పెట్టడం అలవాటు. గురువు ఎదురుగా కూర్చున్నారని జోగారావు ఆ రోజు మరింత శ్రద్ధగా చేశాడు. పసుపు, కుంకుమ బొట్లు పెట్టాడు. కాయ కొట్టి రెండు చిప్పలూ బానెట్ మీద పెట్టాడు. బెల్లం ముక్క పెట్టాడు. ఆఖరున కళ్ళు మూసుకుని, బృందావతమ్మను తలుచుకుని, నిండు దోసిలితో అక్షింతలు చల్లాడు. పసుపు బియ్యం బానెట్ మీద జలజలా రాలి, అద్దం వైపు జారి, వైపర్ల కింది సందుల్లోకి దిగిపోయింది.

"ఇప్పుడు బానెట్ ఎత్తు" అన్నారు అమ్మ.

"కాయ పడిపోద్దమ్మా."

"పడనీ."

ఎత్తాడు. ఇన్నాళ్ళూ తెగిన వైర్లే చూసినవాడికి కంటబడని మూల, బ్యాటరీ వెనక, పీచూ దూదీ దండ దారాలూ కలిపి శ్రద్ధగా అల్లిన గూడు ఉంది. ఆ దూది అతని హారతి వత్తులది. ఆ దారం అతను కట్టిన పూలదండలది. గూటి చుట్టూ పచ్చగా పరుచుకుని ఉన్నవి అక్షింతలు. నెల రోజుల అక్షింతలు! అవి చాలక, పైనుంచి ఇప్పుడే చల్లినవి ఒక్కొక్కటే టప్‌టప్‌మని రాలుతున్నాయి. అలా రాలుతుండగానే గొట్టం వెనకనుంచి బొద్దుగా ఒక ఎలుక బయటికొచ్చింది. పట్టపగలని గాని, ఇద్దరు మనుషులున్నారని గాని దానికి పట్టలేదు. ఒక గింజను రెండు చేతులా పట్టుకుని కూర్చుని నెమ్మదిగా తిని, ఇంకోదాని కోసం తలెత్తి చూసింది.

"నైవేద్యం అందింది నాయనా" అన్నారు అమ్మ.

సిగ్గుతో జోగారావు చెవులు వేడెక్కాయి. వైర్లు తెగినకొద్దీ తను పూజ పెంచాడు. పూజ పెరిగినకొద్దీ వైర్లు తెగాయి. కంచే చేను మేసిందని లోకం అంటుంది. ఇక్కడ కాపలావాడు రోజూ వడ్డించి మరీ మేపాడు. మైలురాయి మీద కూలబడిన బృందావతమ్మ కళ్ళముందు మెదిలేసరికి అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ వెంటనే ఎలుక మీద ఒళ్ళు మండింది. పాక మూల ఉన్న గునపం అందుకున్నాడు.

"దాని తప్పేటుంది?" అన్నారు అమ్మ. "పిలిసి పెట్టినావు, తిన్నాది."

గునపం దానంతటదే కిందికి దిగింది. జోగారావుకు ఏడుపులోంచే నవ్వు వచ్చింది.

ఇక ఆ రోజంతా అతను మనిషి కాడు, యంత్రం. గూడు విప్పితే కళ్ళు తెరవని పిల్లలు నాలుగున్నాయి. వాటిని గూటితో సహా కొబ్బరిచిప్పలో పెట్టి దూరంగా జీడితోట గట్టున దించి వచ్చాడు. ఇంజను సందుల్లో గింజన్నది లేకుండా బ్రష్షు పెట్టి దులిపాడు, గాలి కొట్టాడు, గుడ్డతో తుడిచాడు. ఢిల్లేశు వచ్చి తెగిన వైర్లన్నీ అతికి గట్టి గొట్టం తొడిగాడు. వైపర్ల కింది సందులకు ఇద్దరూ కలిసి సన్న ఇనపజాలీ బిగించారు. బండిని పీచుకుప్పల పాకలోంచి బయటికి తోసి, గడ్డిపోచ లేని గట్టినేల మధ్యన నిలబెట్టారు. వెలుతురుంటే ఎలుక గూడు కట్టదని ఢిల్లేశు చెబితే బానెట్ తెరిచే ఉంచారు.

"మరి పూజ మానీయాలా అమ్మా?" అని అడిగాడు జోగారావు, మసి చేతులు తుడుచుకుంటూ.

"దణ్ణం పెట్టడానికి గింజలెందుకు?" అన్నారు అమ్మ.

చివరగా అతనే ఒక ఉపాయం చేశాడు. పొయ్యిలో బూడిద తట్టతో తెచ్చి బండి చుట్టూ బారెడు వెడల్పున సన్నగా పరిచాడు. ఎవరొచ్చినా అడుగు పడాలి, పొద్దున్న తనకు కనబడాలి.

గురువారం తూరుపు తెల్లబడుతుండగానే అతను బండి దగ్గర వాలిపోయాడు. ముఖం కడుక్కున్నదీ లేనిదీ గుర్తులేదు. బూడిద మీద వంగి చూశాడు. పాక వైపునుంచి చిన్న చిన్న అడుగులు వరసగా వచ్చాయి. బూడిదలో సగందాకా వచ్చి ఆగాయి. అక్కడ ఒకసారి గుండ్రంగా తిరిగాయి. వాసన చూసినట్టుంది, పలకరించే వాసన ఏదీ రాలేదు. వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాయి.

"అమ్మా!" అని జోగారావు పెట్టిన కేకకు తోటలో కాకులన్నీ లేచాయి. అమ్మ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ అడుగుల్ని చాలాసేపు చూసి హాయిగా నవ్వారు. అతను బానెట్ దించి, బండికి వట్టి చేతులతో దణ్ణం పెట్టి, తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజను గుర్రుమంది. లారీ నడిపిన పద్దెనిమిదేళ్ళలో ఏ ఇంజను చప్పుడూ అతనికంత తియ్యగా వినబడలేదు. హారను మీద చెయ్యి తియ్యకుండా రోడ్డెక్కాడు.

జంక్షన్లో అయిదుగురు నిలబడి ఉన్నారు. బృందావతమ్మ మాత్రం ఆ మైలురాయి మీద కూర్చుని, బండి రాదనే అనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హారను విని తలెత్తింది.

"వొచ్చేసినాడర్రా! మా జోగులు వొచ్చేసినాడు!"

అంత ఆయాసంలోనూ ఆవిడ అరిచిన అరుపు టీకొట్టుదాకా వినబడింది. టీకొట్టువాడు గంటె వదిలి పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. అక్కడున్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. వ్యాను కదులుతుంటే పెళ్ళివారు బయలుదేరినట్టే ఉంది. ఒకాయన పాట ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఏళ్ళ తరబడి ఆ దారిన జబ్బు గురించి తప్ప మాట్లాడని మనుషులు పట్నం పొలిమేర వచ్చేదాకా పాడుతూనే ఉన్నారు. స్టీరింగు మీద తాళం వేస్తూ జోగారావు వాళ్ళతో గొంతు కలిపాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి బృందావతమ్మ ముఖం తేటపడింది. తన కాళ్ళ మీద తనే దిగింది. బండి ముందుకొచ్చి దాని ముఖానికి దిష్టి తీసి మెటికలు విరిచి, "నా తల్లి సల్లగుండాల! రేపొచ్చి అక్షింతలేస్తాను" అంది. "అమ్మో, గింజలొద్దు పిన్నీ!" అని జోగారావు ఒక్క దూకులో రెండు చేతులూ బానెట్ మీద అడ్డం పెట్టాడు. ఎందుకో తెలియకపోయినా ఆరుగురూ పడీపడీ నవ్వారు.

అందర్నీ ఇళ్ళ దగ్గర దింపి, బండిని గట్టినేల మీద నిలిపి, బానెట్ ఎత్తిపెట్టి, అతను అమ్మ దగ్గరికి వచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. పాట సంగతీ, మెటికల సంగతీ రెండేసి సార్లు చెప్పాడు. చెప్పి చెప్పి, మెడలో తావళం చేతికి తగిలేసరికి నాలిక కరుచుకున్నాడు.

"తప్పయిపోనాదమ్మా. పొద్దున్న ఆ హడావుడిలో జపం మరిసిపోయినాను. రెండేళ్ళలో ఒక్కరోజు తప్పనేదు. రేపు రెండు రోజులదీ కలిపి సేసేస్తాను."

"సర్లే. దారిలో మీ పనసమోడు ఎలాగున్నాది?"

జోగారావు చెప్పడానికి నోరు తెరిచాడు. పొద్దున్న దాని పక్కనుంచే వెళ్ళాడు, సాయంత్రం దాని పక్కనుంచే వచ్చాడు. అది అక్కడ ఉందో లేదో కూడా చెప్పలేకపోయాడు.

వరహాలమ్మగారు అతని మెడలో తావళం పూసల వైపు ఒకసారి చూసి పీట మీంచి లేచారు.

"ఇయ్యాల గింజలు పడనేదు గదా, నాయనా."